ఫిట్స్ మందు మట్టం తగ్గకుండా: సిక్కోలు, విజయనగరం ఇళ్ళ కోసం

ఫిట్స్ బిళ్ళ జ్వరం బిళ్ళ లాంటిది కాదు. జ్వరం వచ్చాక వేసుకుని తగ్గగానే మానేసే రకం కాదు. ఫిట్ రాని రోజుల్లో కూడా రక్తంలో ఒక మట్టం దగ్గర నిలబడి కాపలా కాయాల్సిన మందు. చెరువు లెక్క వేసుకోండి. బిళ్ళ మింగినప్పుడల్లా పైనుంచి కొంత చేరుతుంది, కాలేయం, కిడ్నీలు అనే తూముల గుండా కొంత పోతూనే ఉంటుంది. మట్టం పడిపోతే ఫిట్ వస్తుంది. పొర్లితే మత్తు, తూలు వస్తాయి. కొత్తగా మందు మొదలుపెట్టినవారిలో దాదాపు సగం మందికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగుతాయి. మరో మందు, రెండు మందుల కలయిక కూడా చూసేసరికి మూడింట రెండొంతుల మందికి అదుపులోకి వస్తాయి. కాబట్టి మందు వాడుతుండగా ఫిట్ వచ్చిందంటే “ఈ మందు పారలేదు” అనేసే ముందు గట్టు ఎక్కడ తెగిందో వెతకాలి. మన జిల్లాల్లో అది తెగే చోట్లు కొన్ని ప్రత్యేకంగా ఉన్నాయి: సముద్రపు ఉక్క, ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బు, జాగారాలు, తుఫాన్లు, పెళ్ళి సంబంధాల దగ్గర దాపరికం.

ఇక్కడ ఇచ్చిన మోతాదులు డాక్టరు దగ్గర సరైన ప్రశ్న అడగడానికి. చీటీని మీరే దిద్దుకోవడానికి కాదు.

చీటీ మీద పేరు, తూము వేగం

ముందు బిళ్ళల అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు అసలు పేరు చూసి ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. కంపెనీ పెట్టిన పేరు ఒక్కటే తెలిస్తే ఊరు మారినప్పుడు పనికిరాదు. దాని పక్కన బిళ్ళ ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకెన్ని, ఏ వేళకు, ఏ కంపెనీ తయారీ అన్నవి కూడా రాయండి.

పేరు తెలిస్తే తూము ఎంత వేగంగా లాగేస్తుందో తెలుస్తుంది. రక్తంలో మందు సగానికి పడిపోయే కాలాన్ని అర్ధాయుష్షు అంటారు. లెవెటిరాసెటమ్‌కి అది 6 నుంచి 8 గంటలు. వాల్‌ప్రొయేట్‌కి 9 నుంచి 16. కార్బమజెపైన్‌కి, కొన్ని వారాలు వాడాక, 12 నుంచి 17. ఫెనిటాయిన్‌కి సుమారు ఒక రోజు, మోతాదు పెరిగేకొద్దీ అది ఇంకా సాగుతుంది. పెద్దవాళ్ళు గార్డినాల్ అని పిలిచే ఫీనోబార్బిటాల్‌కి మూడు నాలుగు రోజులు.

ఈ అంకెలు ఇంట్లో ఎలా పనికొస్తాయంటే: రాత్రి 8కి లెవెటిరాసెటమ్ వేసుకున్నారు, మర్నాడు పొద్దుటిది మరిచిపోయారు, మళ్ళీ రాత్రి 8కి గుర్తొచ్చింది. అర్ధాయుష్షు 7 గంటలని లెక్కిస్తే ఆ సమయానికి నిన్నటి మందులో మిగిలింది పదోవంతు కూడా ఉండదు. ఫీనోబార్బిటాల్ అయితే 24 గంటలకు కూడా నూటికి సుమారు 80 వంతులు ఉంటుంది. అందుకే ఒక్కపూట మరుపుతోనే ఫిట్ వచ్చే మందు ఒకటైతే, వారం రోజులు మానేశాక ఒక్కసారిగా విరుచుకుపడే మందు ఇంకొకటి. గార్డినాల్ రెండు రోజులు వేసుకోకపోయినా ఏమీ కాలేదు కదా అని మూడో రోజూ మానేసేవాళ్ళు మోసపోయేది ఇక్కడే.

రెండు పూటల మందుకి 12 గంటల ఎడం ముఖ్యం, గడియారంలో 8 అన్న అంకె కాదు. నాట్ల రోజుల్లో తెల్లారకముందే పొలానికి పోయే మనిషికి ఉదయం 8 అని రాసిస్తే సగం రోజులు తప్పుతుంది. ఉదయం 5కి అంబలి తాగేటప్పుడు, సాయంత్రం 5కి ఇల్లు చేరగానే అని పెట్టుకోవడం మేలు. ఈ మాట డాక్టరుకి మీరే చెప్పాలి, మీ పని వేళలు ఆయనకి తెలియవు.

పూట తప్పితే

రెండు పూటల మందు అయితే, తప్పిన వేళ నుంచి సుమారు ఆరు గంటల లోపు గుర్తొస్తే వెంటనే వేసుకోండి. ఆ తర్వాత గుర్తొస్తే అది వదిలేసి, తర్వాతి పూటది వేళకే వేసుకోండి. రోజుకొకసారి వేసుకునేది 12 గంటల లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప ఒకేసారి రెండు పూటలవి మింగకూడదు. మింగిన అరగంట లోపు వాంతి అయి బిళ్ళ కనబడితే మళ్ళీ వేసుకోవాలి. గంట దాటాక అయితే అవసరం లేదు.

ఒక్క మందు విషయంలో నియమం వేరు. లామోట్రిజిన్‌ని వరసగా ఐదు రోజులకు పైగా మానేస్తే పాత మోతాదు నేరుగా మొదలుపెట్టకూడదు. మొదటిసారి లాగే రోజుకి 25 మి.గ్రా. దగ్గర నుంచి, వాల్‌ప్రొయేట్ కూడా వాడుతుంటే రోజు విడిచి రోజు 25 మి.గ్రా. నుంచి, రెండేసి వారాలకు ఒక మెట్టు చొప్పున ఎక్కాలి. తొందరపడి పెంచితే ఒళ్ళంతా బొబ్బలెక్కే ప్రమాదకరమైన దద్దురు వస్తుంది.

వేసుకున్నానో లేదో అన్న సందేహమే ఎక్కువ ఇళ్ళలో గొడవ. అట్ట మీద పెన్నుతో తేదీలు వేసుకోవడం కన్నా చవకైన విరుగుడు లేదు.

ఉక్క, చెమ్మ, డబ్బాలు

తీరం వెంబడి గాలిలో చెమ్మ ఎక్కువ. కార్బమజెపైన్ బిళ్ళ చెమ్మ పీల్చుకుంటే గట్టిపడి కడుపులో సరిగా కరగదు, మూడోవంతు దాకా శక్తి పోవచ్చు. పైకి చూస్తే బిళ్ళ మామూలుగానే ఉంటుంది. సోడియం వాల్‌ప్రొయేట్ ఇంకా దారుణం, అట్ట నుంచి తీసి బయట పెడితే గాలిలోని నీటిని లాక్కుని జిగురుగా మారుతుంది.

అందుకని నెలకు సరిపడా బిళ్ళలు అట్టలోంచి ఊడదీసి ప్లాస్టిక్ డబ్బాలో పోయకండి. వారం డబ్బా వాడాలనుకుంటే రేకుతో సహా ఒక్కో బిళ్ళని కత్తెరతో కత్తిరించి, ఆ ముక్కని డబ్బాలో ఆ రోజు అరలో పెట్టండి, వేసుకునేటప్పుడే రేకు చించండి. స్నానాల గది అల్మారా, పొయ్యి పక్క గూడు, వాన జల్లు కొట్టే కిటికీ గట్టు, ఈ మూడూ వద్దు. బట్టల బీరువా లోపలి అర చాలు. ఫ్రిజ్ అక్కర్లేదు, తీసి పెట్టేటప్పుడు చెమ్మ పడుతుంది.

పేరు చివర సీఆర్ అనో ఈఆర్ అనో ఉంటే నెమ్మదిగా కరిగేలా చేసిన బిళ్ళ అని అర్థం. నూరకూడదు, నమలకూడదు. పిల్లాడు మింగలేకపోతున్నాడని తేనెలో నూరి పెడితే పన్నెండు గంటల మందు రెండు గంటల్లో దిగిపోతుంది. మధ్యాహ్నం మగత, రాత్రికి ఫిట్. మింగలేని పిల్లలకి సిరప్ రాయించుకోండి.

సిరప్‌లో జరిగే తప్పులు వేరు. ఫెనిటాయిన్ సిరప్‌లో మందు కరగదు, తేలియాడుతుంది, నిలవ ఉంటే అడుక్కి దిగుతుంది. కుదపకుండా పోస్తే మొదటి పది రోజులు నీళ్ళు, చివరి పది రోజులు విషం. పైగా 5 మి.లీ.కి 30 మి.గ్రా. ఉండే సీసా ఒకటి, 125 మి.గ్రా. ఉండేది ఒకటి, నాలుగు రెట్ల తేడా. వాల్‌ప్రొయేట్ సిరప్ 5 మి.లీ.కి 200 మి.గ్రా., లెవెటిరాసెటమ్ ఒక్క మి.లీ.కే 100 మి.గ్రా. ఉంటుంది. సీసా మారినప్పుడు లేబుల్ మీద అంకె పాత సీసాతో పోల్చి చూడండి. వంటింటి చెంచాతో కొలవద్దు, సూది లేని సిరంజి మందుల షాపులో దొరుకుతుంది.

ఫెనిటాయిన్‌తో జాగ్రత్త

ఇది 1938 నుంచి వాడుకలో ఉన్న మంచి మందు, చవకది. కానీ దీని తూము వింతది. మిగతా మందులు ఎంత ఎక్కువ పోస్తే అంత ఎక్కువ బయటికి పోతాయి. ఫెనిటాయిన్‌ని కాలేయం ఒక హద్దు వరకే లాగగలదు. ఆ హద్దు దగ్గర బిళ్ళ పెంచితే మట్టం కొంచెం పెరగదు, ఎగిరి కూర్చుంటుంది. రోజుకి 300 మి.గ్రా. వేసుకుంటూ రక్తంలో మి.లీ.కి 10 మైక్రోగ్రాములు ఉన్న మనిషికి ఏకంగా 400 చేస్తే మట్టం 20 దాటిపోవచ్చు. ఉండాల్సింది 10 నుంచి 20 మధ్య. అందుకే హద్దుకి దగ్గరైనప్పుడు పెంచేది 25 లేదా 50 మి.గ్రా. చొప్పునే.

పొర్లిందని గుర్తు: ముందు కళ్ళు పక్కకి చూసేటప్పుడు కదులుతాయి, తర్వాత నడక తూలుతుంది, ఆపైన మాట ముద్దవుతుంది, మగత. ఊళ్ళో దాన్ని తాగి తూలుతున్నాడనుకున్నా ఆశ్చర్యం లేదు. చిగుళ్ళు ఉబ్బడం మాత్రం మోతాదు ఎక్కువైందన్న గుర్తు కాదు, మామూలు మోతాదుకే వస్తుంది, రోజూ రెండుసార్లు బ్రష్ చేస్తే తక్కువగా ఉంటుంది.

ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫీనోబార్బిటాల్ మూడింటికీ కంపెనీ మారకుండా చూసుకోవడం మంచిది. లెవెటిరాసెటమ్‌కి ఆ పట్టింపు అక్కర్లేదు, జనరిక్ ఏదైనా పర్వాలేదు. ప్రభుత్వాసుపత్రిలో ఈ నెల వేరే కంపెనీ బిళ్ళ ఇస్తే తీసుకోండి, మానేయడం కన్నా నయం. పుస్తకంలో ఆ తేదీ రాసి, మూడు నాలుగు వారాలు కాస్త కనిపెట్టి ఉండండి.

ఉద్దానంలో అడగాల్సిన ఒక లెక్క

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంత విస్తరించిందో కొత్తగా చెప్పనక్కర్లేదు. ఫిట్స్ మందు రాసేముందు అక్కడి మనిషికి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకపోతే సగం పనే చేసినట్టు. ఎందుకంటే ఇవాళ ఎక్కువగా రాస్తున్న లెవెటిరాసెటమ్ మూడింట రెండొంతులు మారకుండా మూత్రంలోనే పోతుంది. కిడ్నీ తూము పూడుకుంటే మందు రక్తంలోనే పేరుకుంటుంది.

కిడ్నీలు నిమిషానికి ఎంత వడకడుతున్నాయో చెప్పే లెక్క ఇది. 140 లోంచి వయసు తీసేయండి. దాన్ని బరువు కిలోలతో హెచ్చించండి. వచ్చినదాన్ని 72తో క్రియాటినిన్‌ని హెచ్చించగా వచ్చిన అంకెతో భాగించండి. ఆడవారికి జవాబుని మళ్ళీ 0.85తో హెచ్చించాలి. 55 ఏళ్ళు, 50 కిలోలు, క్రియాటినిన్ 2.4 ఉన్న మగమనిషి అనుకోండి: 85ని 50తో హెచ్చిస్తే 4250, దాన్ని 172.8తో భాగిస్తే నిమిషానికి సుమారు 25 మి.లీ.

ఈ జవాబు 80కి పైన ఉన్నవారికి లెవెటిరాసెటమ్ పూటకి 500 నుంచి 1500 మి.గ్రా., రోజుకి రెండు పూటలు. 50 నుంచి 80 మధ్య అయితే పూటకి 500 నుంచి 1000. 30 నుంచి 50 మధ్య 250 నుంచి 750. 30 లోపు 250 నుంచి 500. పై మనిషికి పూటకి 1000 రాస్తే, కిడ్నీలు బాగున్నవారికి మామూలైన మోతాదే అతనికి రెట్టింపు. అప్పుడు కనబడేది మగత, చిరాకు, ఊరికే కోపం, తూలు. ఇంట్లోవాళ్ళు “మందు పడి మనిషి మారిపోయాడు” అంటారు. బిళ్ళ మానేయక్కర్లేదు, తగ్గించాలి. డయాలసిస్ మీద ఉన్నవారికి రోజుకొకసారి 500 నుంచి 1000. నాలుగు గంటల డయాలసిస్‌లో ఒంట్లో ఉన్నదాంట్లో సగం దాకా కడుక్కుపోతుంది కాబట్టి, ఆ రోజున మందుని డయాలసిస్ అయ్యాక వేసుకోవాలి, అదనంగా 250 నుంచి 500 పడుతుంది. డయాలసిస్‌కి బయల్దేరే ముందు వేసుకుంటే మిషన్‌కి వేసినట్టే.

ఒంటినొప్పులకు, కాళ్ళ మంటలకు రాసే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ కూడా కిడ్నీ గుండానే పోతాయి. కిడ్నీ పాడైన మనిషికి మామూలు మోతాదు పడితే ఒళ్ళు ఉలిక్కిపడినట్టు ఎగిరిపడుతుంది. అది ఫిట్ అని భ్రమపడి ఇంకో ఫిట్స్ మందు చేర్చడం జరుగుతుంటుంది.

వాల్‌ప్రొయేట్ కాలేయం గుండా పోతుంది, కిడ్నీ కోసం తగ్గించక్కర్లేదు. ఫెనిటాయిన్ కూడా కాలేయం గుండానే పోతుంది గానీ దాని రక్తపరీక్ష కిడ్నీ రోగిలో తప్పుదారి పట్టిస్తుంది. రక్తంలో ఈ మందు అల్బుమిన్ అనే ప్రొటీన్‌కి అంటుకుని తిరుగుతుంది, పనిచేసేది అంటుకోని కొద్ది భాగమే. అల్బుమిన్ తగ్గితే మొత్తం అంకె తక్కువగా కనబడుతూ, పనిచేసే భాగం ఎక్కువగా ఉంటుంది. డయాలసిస్ రోగికి రిపోర్టులో 8 వచ్చింది, అల్బుమిన్ 2.5 ఉంది. 0.1ని అల్బుమిన్‌తో హెచ్చించి, దానికి 0.1 కలిపి, ఆ 0.35తో 8ని భాగిస్తే అసలు విలువ దాదాపు 23. తక్కువ కాదు, హద్దు దాటింది. అల్బుమిన్ చూడకుండా 8ని నమ్మి బిళ్ళ పెంచితే మంచాన పడతాడు.

ఇతర మందులతో పేచీ

క్షయ మందుల్లోని ఐసోనియాజిడ్ ఫెనిటాయిన్‌నీ, కార్బమజెపైన్‌నీ రక్తంలో పెంచుతుంది. రిఫాంపిసిన్ అదే వేళ ఫెనిటాయిన్‌ని లాగేస్తుంది. టీబీ కోర్సు మొదలైన రోజే ఫిట్స్ మందు సంగతి చెప్పాలి, కోర్సు ముగిసినప్పుడూ మళ్ళీ చెప్పాలి. కార్బమజెపైన్ వాడేవారికి దగ్గుకో గొంతుకో క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ పడితే రెండు మూడు రోజుల్లో తూలు. నొప్పికి ట్రమడాల్, విరేచనాలకో మూత్రం మంటకో సిప్రోఫ్లాక్సాసిన్, ఈ రెండూ ఫిట్ గుమ్మాన్ని కిందికి దించుతాయి, అంటే ఫిట్ తేలిగ్గా వస్తుంది. వాల్‌ప్రొయేట్ వాడే రోగికి ఆసుపత్రిలో మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఎక్కిస్తే వాల్‌ప్రొయేట్ మట్టం ఒకటి రెండు రోజుల్లోనే పాతాళానికి పోతుంది, పక్కన ఉన్న బంధువు చెప్పగలిగితే ఎంతో మేలు.

ఆకుపసరు, మూర్ఛ పొడి అని పొట్లాల్లో ఇచ్చేవి వాడి నిజంగానే తగ్గిందంటే అనుమానించాలి. అలాంటి పొడుల్లో ఫీనోబార్బిటాల్ కలిపి అమ్మిన ఉదంతాలు మన దేశంలో బయటపడ్డాయి. పొట్లం అయిపోయిన రోజున మందు హఠాత్తుగా ఆగినట్టే. తాయెత్తు సంగతి వేరు, చేతికి ఉండనివ్వండి, బిళ్ళ కడుపులో పడితే చాలు.

స్కాన్‌లో ఉంగరం లాంటి మచ్చ కనిపిస్తే అది చాలాసార్లు బద్దెపురుగు గుడ్డు మెదడులో గూడు కట్టుకున్నది, లేదా టీబీ గడ్డ. పంది మాంసం ముట్టని ఇంట్లో కూడా వస్తుంది, ఎందుకంటే గుడ్లు చేరేది మలం కలిసిన నీళ్ళు, కడగని పచ్చి కూరల ద్వారా. దానికి ఆల్బెండజోల్ కిలోకి రోజుకు 15 మి.గ్రా. చొప్పున, ముందుగా స్టెరాయిడ్ మొదలుపెట్టి ఇస్తారు. స్టెరాయిడ్ లేకుండా మొదలుపెడితే చచ్చే పురుగు చుట్టూ వాపు పెరిగి ఫిట్స్ ఎక్కువవుతాయి. కాబట్టి బడిలో ఇచ్చే 400 మి.గ్రా. నులిపురుగుల బిళ్ళ లాంటిదే కదా అని షాపులో కొని వేయకండి.

ఆడపిల్లల విషయం

వాల్‌ప్రొయేట్ వాడుతూ గర్భం వస్తే పదిమందిలో ఒకరికి బిడ్డలో పుట్టుక లోపం ఉంటుంది. మామూలుగా అది నూటికి రెండు మూడు. పుట్టిన పిల్లల్లో పదిమందికి ముగ్గురు నలుగురికి చదువు, మాట వెనకబడతాయి. అందుకే పెళ్ళీడు దగ్గరపడుతున్న పిల్లకి ఆ చీటీ ఉంటే సంబంధాలు చూడకముందే, గర్భం రాకముందే, లెవెటిరాసెటమ్‌కో లామోట్రిజిన్‌కో మార్చవచ్చా అని అడగాలి. మార్చడానికి నెలలు పడుతుంది. ఫోలిక్ యాసిడ్ కూడా గర్భానికి ముందే మొదలుపెట్టాలి. గర్భం తెలిశాక భయపడి ఏ మందూ తటాలున ఆపకూడదు, పెద్ద ఫిట్ తల్లికీ బిడ్డకీ ఇంకా ప్రమాదం. గర్భంతో ఉండగా లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్ మట్టాలు పడిపోతాయి, నెలనెలా చూపించుకోవాలి.

ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫీనోబార్బిటాల్ వాడేవారికి గర్భనిరోధక మాత్రలు నమ్మకంగా పనిచేయవు. కాపర్‌-టీకి ఆ ఇబ్బంది లేదు.

అత్తవారింట్లో తెలియకూడదని బిళ్ళలు దాచి, పెళ్ళి వారం రోజులూ మానేసి, నిద్ర లేక, ఉపవాసంతో పీటల మీద కూర్చుంటే ఏం జరగాలో అదే జరుగుతుంది. మూర్ఛ ఉందన్న కారణంతో పెళ్ళి చెల్లదనే నిబంధనని హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు. ఈ ముక్క తెలిసిన మేనమామ ఒక్కడు ఉంటే ముందే మాట్లాడుకోవచ్చు.

నిద్ర తప్పే రాత్రులు

విజయనగరం పైడితల్లమ్మ జాతరలో తొలేళ్ళ రాత్రి, మర్నాడు సిరిమాను ఉత్సవం. అరసవల్లి రథసప్తమికి అర్ధరాత్రి నుంచి క్యూ. శ్రీముఖలింగంలో శివరాత్రి జాగారం. ఒక్క రాత్రి నిద్ర పోతే రక్తంలో మందు సరిగా ఉన్నా ఫిట్ రావచ్చు. ముఖ్యంగా పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్య మొదలై, పొద్దున లేవగానే చేతిలో గ్లాసు, బ్రష్ ఎగిరిపడే రకం మూర్ఛలో నిద్రలేమే పెద్ద శత్రువు. ఈ రకానికి కార్బమజెపైన్, ఫెనిటాయిన్ పడితే ఎగిరిపడటం ఇంకా పెరుగుతుంది. గ్లాసు పడేసుకునే సంగతి డాక్టరుకి ఎవరూ చెప్పరు, పిల్లాడి మొద్దుతనం అనుకుంటారు. చెప్పండి.

వెళ్ళక తప్పదంటే పగలు నాలుగైదు గంటలు పడుకుని వెళ్ళడం, బిళ్ళలు జేబులో ఉంచుకోవడం, జాగారం తర్వాత వంశధారలో మునకలు వేయకపోవడం. నీళ్ళు తలమీద చల్లుకున్నా పుణ్యమే. ఫిట్స్ అదుపులోకి రానంతవరకు చెరువు, గెడ్డ, నూతి గట్టు, కొబ్బరిచెట్టు ఎక్కడం, ఒంటరిగా పొయ్యి దగ్గర, వేట పడవ, ఇవన్నీ వద్దు. స్నానాల గదికి లోపల గడియ పెట్టుకోకూడదు. సారా మానేసిన 6 నుంచి 48 గంటల్లో వచ్చే ఫిట్ వేరే జాతిది, రోజూ బాగా తాగే మనిషి ఇంట్లో కాదు, ఆసుపత్రిలో మానాలి.

ఫిట్ వచ్చిన ఐదు నిమిషాలు

మొదట గడియారం చూడండి. ఎక్కువ ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. తల కింద తుండుగుడ్డ పెట్టి, చుట్టూ ఉన్న గట్టి వస్తువులు జరిపి, ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టండి, నురగ బయటికి పోతుంది. చేతిలో తాళాల గుత్తి, ఇనప ముక్క పెట్టడం వల్ల ఫిట్ ఆగదు, ఆగే వేళకి పెట్టారు కాబట్టి ఆగినట్టు కనబడుతుంది. నోట్లో చెంచా, నీళ్ళు, ఉల్లిపాయ రసం ఏవీ వద్దు.

ఐదు నిమిషాలు దాటితే అది దానంతటదే ఆగే అవకాశం తగ్గిపోతుంది. అప్పటికి ఫిట్‌ని ఆపే మిడజోలమ్ ముక్కు స్ప్రే చేతిలో ఉండాలి. సాధారణ మోతాదు కిలోకి 0.2 మి.గ్రా. ఒక నొక్కుకి 1.25 మి.గ్రా. వచ్చే సీసా అయితే పన్నెండున్నర కిలోల పిల్లాడికి 2.5 మి.గ్రా., అంటే ఒక్కో ముక్కురంధ్రంలో ఒక్కో నొక్కు. నొక్కుకి 0.5 మి.గ్రా. వచ్చే సీసా కూడా ఉంది, దాంతో రెండే నొక్కితే చాలదు. మీ సీసాకి, మీ పిల్లాడి బరువుకి ఎన్ని నొక్కులో డాక్టరుతో రాయించి, ఆ చీటీని సీసాకే అంటించండి. పిల్లలు పెరుగుతారు, ఆర్నెల్లకోసారి మళ్ళీ లెక్క వేయించండి. కొత్త సీసాని ముందే గాల్లోకి నాలుగైదు సార్లు నొక్కి తుంపర పడుతోందో చూసుకోండి. ఆ సమయంలో మొదటిసారి మూత తీస్తే వచ్చేది గాలే.

స్ప్రే కొట్టగానే 108కి ఫోన్ చేయండి, ఊపిరి గమనిస్తూ ఉండండి. కొట్టిన ఐదు నిమిషాలకీ ఆగకపోయినా, తెలివి రాకుండా రెండోది వచ్చినా, గర్భిణి అయినా, నీళ్ళలో పడినా, జీవితంలో ఇదే మొదటిదైనా ఆసుపత్రికి. ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీస్తే మంచిది, ముప్పై సెకన్లు చాలు. అది ఏ రకమో తేల్చడంలో మాటల వర్ణన కన్నా వీడియోకే విలువ ఎక్కువ.

వెంటనే ఆపాల్సిన ఒకే సందర్భం

కార్బమజెపైన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్ మొదలైన రెండు నెలల లోపు జ్వరంతో పాటు ఎర్రటి దద్దురు, నోట్లో పుళ్ళు, కళ్ళు ఎర్రబడటం ఉంటే మర్నాటి దాకా ఆగకూడదు. తర్వాతి పూట బిళ్ళ వేసుకోకుండా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళి, అట్ట చూపించాలి. ఫిట్స్ మందు డాక్టరుని అడగకుండా ఆపమని చెప్పే చోటు ఇదొక్కటే.

నిలవ, రక్తపరీక్ష, మానడం

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు రోడ్ల మీద చెట్లు, ఊళ్ళలో చీకటి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఇంట్లో ఎప్పుడూ రెండు వారాల బిళ్ళలు అదనంగా, చీటీ నకలుతో కలిపి ప్లాస్టిక్ కవరులో కట్టి ఉండాలి. కొత్తవి తెచ్చినప్పుడు పాతవి ముందు వాడి, కొత్తవి ఆ కవరులో పెట్టండి. గుజరాత్‌లోని వేరావల్ పడవలకో, హైదరాబాద్ కట్టడం పనులకో పోయేవారి సంచిలో కూడా ఇదే కవరు.

రక్తంలో మందు మట్టం చూపించుకోవాలంటే ఉదయం బిళ్ళ వేసుకోకముందు రక్తం ఇవ్వాలి, బిళ్ళ వెంట తీసుకెళ్ళి ఇచ్చాక వేసుకోండి. మోతాదు మార్చిన మర్నాడే పరీక్ష దండగ. మట్టం కుదురుకోడానికి ఐదు అర్ధాయుష్షులు పడుతుంది: ఫీనోబార్బిటాల్‌కి రెండు మూడు వారాలు. కార్బమజెపైన్ తన తూముని తానే పెద్దది చేసుకుంటుంది కాబట్టి మొదలుపెట్టిన మూడు నుంచి ఐదు వారాలకి గానీ నిలకడ రాదు. మొదటి పది రోజులు బాగుండి నాలుగో వారం ఫిట్ వచ్చిందంటే తరచుగా కారణం ఇదే.

రెండేళ్ళు ఒక్క ఫిట్ కూడా లేకపోతే మానడం గురించి అడగవచ్చు. గ్లాసులు ఎగిరిపడే రకానికి మాత్రం మానితే తిరగబెట్టడం ఎక్కువ, చాలామందికి ఏళ్ళ తరబడి కొనసాగించాల్సి వస్తుంది. మానేటప్పుడు నెలల మీద మెట్టు మెట్టుగా దిగాలి, గార్డినాల్, క్లోబజామ్ అయితే మరీ నెమ్మదిగా. రెండు మందులుంటే ఒకదాని తర్వాత ఒకటి. దించే నెలల్లో కోతలు, పెళ్ళిళ్ళు, పరీక్షలు లేకుండా చూసుకుని, ఒక్కో మెట్టు దిగిన తేదీ ఆ నోటు పుస్తకంలోనే రాయండి. మధ్యలో ఫిట్ వస్తే ఏ మెట్టు మీద వచ్చిందో డాక్టరు అడుగుతారు.